కెపాసిటర్లు మార్చాక మొరాయించిన 440బీఎక్స్ బోర్డు: పీణ్యలో ఒక బ్యాలెన్సింగ్ మెషీన్ కేసు

బెంగళూరు పీణ్య సెకండ్ స్టేజ్‌లో పంపుల ఇంపెల్లర్లు (నీటిని తోసే చక్రాలు), మోటారు రోటర్లు (తిరిగే భాగాలు) అదురు లేకుండా తిరిగేలా బ్యాలెన్స్ చేసే చిన్న యూనిట్ ఒకటుంది. యజమానిది హిందూపురం పక్క. ఆయన మెషీన్‌ని నడిపేది 1999 నాటి పీసీ. స్లాట్ 1 బోర్డు (ప్రాసెసర్ కార్డులా నిలువుగా దిగే రకం), ఇంటెల్ 440బీఎక్స్ చిప్‌సెట్ (ప్రాసెసర్‌ని ర్యామ్‌తో, మిగతా భాగాలతో కలిపే చిప్‌లు), 500 మెగాహెర్ట్జ్ పెంటియం 3, విండోస్ 98. అసలు విలువంతా దాని ఐఎస్ఏ స్లాట్‌లో (పాత రకం కార్డులు దిగే గాడి) కూర్చున్న డేటా కార్డుది. రోటర్‌కి రెండు పక్కలా ఉన్న వైబ్రేషన్ పికప్‌ల సిగ్నల్ ఆ కార్డులోకి వస్తుంది. ఏ కోణంలో ఎంత బరువు తీసెయ్యాలో సాఫ్ట్‌వేర్ చెబుతుంది. ఆ కార్డు చేసినవాళ్లు కంపెనీ మూసేసి చాలాకాలమైంది. సాఫ్ట్‌వేర్‌కి ఆ కార్డు తప్ప మరొకటి తెలియదు.

కొత్త కంప్యూటర్ కొనుక్కోవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. కొత్త కంప్యూటర్‌లో ఐఎస్ఏ స్లాట్ ఉండదు. ఐఎస్ఏ స్లాట్లున్న ఇండస్ట్రియల్ బోర్డులు దొరుకుతాయి కానీ ఖరీదెక్కువ. పైగా పాత కార్డు వాటిలో సరిగ్గా పనిచేస్తుందని ఎవరూ హామీ ఇవ్వరు. అందుకే పీణ్యలోనూ, జిగణి, బొమ్మసంద్ర వైపూ ఇప్పటికీ ఇలాంటి పీసీలు దుమ్ము పట్టిన క్యాబినెట్లలో అన్నం పెడుతూనే ఉన్నాయి.

బోర్డు నా టేబుల్ మీదికి వచ్చేసరికే దానికి ఒక వైద్యం జరిగిపోయింది. సీపీయూ పక్కన కెపాసిటర్లు (వోల్టేజీని నిలకడగా ఉంచే చిన్న డబ్బాలు) ఉబ్బాయి, మధ్యాహ్నం వేళ మెషీన్ హ్యాంగ్ అయ్యేది. దగ్గర్లో ఒక రిపేర్ షాపులో ఇస్తే, ఉబ్బినవి, ఉబ్బనివి అని చూడకుండా బోర్డు మీదున్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లన్నీ మార్చేశారు. ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్ పవర్ సప్లై) కూడా పాతదైందని కొత్తది పెట్టారు. ఆ తర్వాత బోర్డు లేవలేదు.

"ముందు నడుస్తానే ఉండెనప్పా, అప్పుడప్పుడు నిలబడిపోయేది అంతే. అన్నీ మార్చినాక అసలుకే లేకుండా పోయింది" అన్నారాయన.

కేసు మొత్తానికి పనికొచ్చిన మాట ఇదే. అప్పుడప్పుడు ఆగినా నడిచిందంటే ప్రాసెసర్, చిప్‌సెట్, బయోస్ (ఆన్ చెయ్యగానే మొదట నడిచే ప్రోగ్రామ్ ఉన్న చిప్) అప్పటిదాకా బతికే ఉన్నాయి. కాబట్టి ముందు అనుమానించాల్సింది చేతులు పడిన చోట్లనే. కెపాసిటర్లు మార్చిన బోర్డు లేవకపోతే చాలామంది మళ్లీ కొత్త కెపాసిటర్లు కొంటారు, లేదా బయోస్ చిప్ మీద పడతారు. నా లెక్కలో కెపాసిటర్ కన్నా దాని కాళ్లు దిగిన రంధ్రాలే పెద్ద అనుమానితులు. నాలుగు పొరల బోర్డులో ప్రతి రంధ్రం లోపల సన్నటి రాగి గొట్టం ఉంటుంది. ఒక్కో కెపాసిటర్ పీకినప్పుడల్లా రెండు గొట్టాలను పణంగా పెడుతున్నట్టే. పాతిక పైచిలుకు పీకారంటే యాభైకి పైగా పందేలు కాశారన్నమాట.

అసలు అన్నీ మార్చాల్సిన అవసరం ఉందా అంటే, ఈ బోర్డుకి లేదనే నా అభిప్రాయం. 105 డిగ్రీల దగ్గర 2000 గంటలు అని రాసున్న కెపాసిటర్, ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు తగ్గేకొద్దీ దాదాపు రెట్టింపు కాలం బతుకుతుంది. సీపీయూ పక్కన 65 డిగ్రీలు ఉందనుకుంటే 32,000 గంటలు. రోజుకి 8 గంటల షిఫ్టు, ఏడాదికి 300 పనిదినాల లెక్కన 13 ఏళ్లు. ఈ బోర్డు అంతకన్నా చాలా ఎక్కువే నడిచింది కాబట్టి సీపీయూ పక్కనున్నవి పోవడంలో వింత లేదు. పైగా 1999 నుంచి 2007 దాకా వచ్చిన బోర్డుల్లో ఎలక్ట్రోలైట్ బాగాలేని కెపాసిటర్లు లోకమంతా పేలాయి. కానీ స్లాట్ల దగ్గర చల్లగా కూర్చుని, ఎక్కువ కరెంటు మొయ్యని చిన్న కెపాసిటర్లను ముందు ఈఎస్ఆర్ (కెపాసిటర్ లోపలి రెసిస్టెన్స్) మీటర్‌తో చూసి, బాగున్నవాటిని వదిలెయ్యాలి.

పని మొదలుపెట్టే ముందు హార్డ్ డిస్క్ తీసి మొత్తం ఇమేజ్ (అచ్చు నకలు) చేసి పెట్టాను. బోర్డు బాగైనా కాకపోయినా ఆ సాఫ్ట్‌వేర్ పోతే మెషీన్ ఇనుప సామానే.

ఫ్యాన్ కదిలి ఆగిపోవడం

మొదటి లక్షణం: పవర్ స్విచ్ నొక్కితే ఫ్యాన్ ఒక్క కుదుపు కదిలి ఆగిపోతుంది. ఎస్ఎంపీఎస్ ఏదో ఒక లైన్‌లో లోడ్ ఎక్కువై తనను తాను ఆపుకుంటోందన్నమాట. ప్రాసెసర్, ర్యామ్, కార్డులు అన్నీ తీసేసినా అంతే.

మల్టీమీటర్‌తో 3.3, 5, 12, మైనస్ 12, స్టాండ్‌బై 5 వోల్టుల లైన్లన్నీ గ్రౌండ్‌కి ఎంత రెసిస్టెన్స్ చూపుతున్నాయో చూశాను. ఎక్కడా షార్ట్ లేదు. ఈ పరీక్ష తేలిగ్గా మోసం చేస్తుంది. తిరగేసి పెట్టిన కెపాసిటర్ కూడా మీటర్‌కి మంచిదానిలాగే కనిపిస్తుంది, ఎందుకంటే ఓమ్స్ రేంజ్‌లో మీటర్ ఇచ్చే వోల్టేజీ బాగా తక్కువ. అల్యూమినియం ఎలక్ట్రోలిటిక్ ఒకటి, ఒకటిన్నర వోల్టు దాకా తిరగేసినా పెద్దగా పట్టించుకోదు. అంతకు మించితే లోపలి ఆక్సైడ్ పొర అడ్డుకోవడం మానేస్తుంది, కరెంటు పారుతుంది, వేడెక్కి గ్యాస్ పుడుతుంది.

అందుకని బెంచ్ సప్లై (వోల్టేజీ, కరెంటు మనమే పెట్టుకోగల సప్లై) తీసుకుని 200 మిల్లీఆంపియర్ల దగ్గర లిమిట్ పెట్టి, ఒక్కో లైన్‌కి విడిగా వోల్టేజీ ఇచ్చుకుంటూ వచ్చాను. పాజిటివ్ లైన్లు మర్యాదగానే ఉన్నాయి. మైనస్ 12 దగ్గర సంగతి తేలింది. బెంచ్ సప్లై ప్లస్‌ను గ్రౌండ్‌కి, మైనస్‌ను ఏటీఎక్స్ కనెక్టర్‌లో (ఎస్ఎంపీఎస్ నుంచి బోర్డుకి వచ్చేది) నీలం వైరు వచ్చే 12వ పిన్నుకి కలిపి వోల్టేజీ మెల్లగా పెంచితే, మూడు నాలుగు వోల్టులకే కరెంటు ఎక్కడం మొదలైంది. పన్నెండు చేరకముందే లిమిట్ తగిలింది. ఐఎస్ఏ స్లాట్ల చివర ఉన్న 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ మీద వేలు పెడితే వెచ్చగా తగిలింది.

మైనస్ లైన్ మీదుండే కెపాసిటర్‌కి ప్లస్ కాలే గ్రౌండ్‌కి పోవాలి. మైనస్ కాలు మైనస్ 12కి పోవాలి. మార్చినవాళ్లు, గ్రౌండ్‌కి వెళ్లేది మైనస్ కాలే కదా అని పక్కనున్న కెపాసిటర్లలాగే దీన్నీ పెట్టేశారు. బోర్డు మీద ముద్ర సరిగ్గానే ఉంది, చూడలేదంతే. ముద్ర విషయంలో కూడా ఒక జాగ్రత్త. గుండ్రంలో సగం తెల్లగా నింపి ఉంటే ఎక్కువ బోర్డుల్లో అది మైనస్ వైపు. ఈ బోర్డులోనూ అంతే. కానీ కొందరు తయారీదారులు అదే తెల్ల సగాన్ని ప్లస్ వైపుకి వాడారు. టాంటలం కెపాసిటర్ మీద గీత ప్లస్‌ని చూపిస్తుంది, అల్యూమినియం దాని మీద గీత మైనస్‌ని చూపిస్తుంది. కాబట్టి పీకే ముందు ఫోటో తీసుకోవడం మంచిది. ఫోటో లేకపోతే ఆ లైన్ ఏ సప్లైదో కనుక్కుని, రెండు కాళ్లలో గ్రౌండ్‌ది ఏదో మీటర్‌తో చూసి అప్పుడు నిర్ణయించుకోవాలి.

ఆ కెపాసిటర్ తీసి పారేశాను. ఒకసారి తిరగేసి వోల్టేజీ తిన్నదాన్ని సరిగ్గా తిప్పి మళ్లీ వాడకూడదు, పేలకపోయినా సరే. అదే అనుమానంతో మిగతావన్నీ చూస్తే దాని పక్కనే మైనస్ 5 వోల్టుల లైన్ మీదున్నది కూడా తిరగబడే ఉంది. మరి అది ఎందుకు వేడెక్కలేదు? ఆ లైన్‌లోకి అసలు వోల్టేజీయే రావడం లేదు. కొత్త ఎస్ఎంపీఎస్ కనెక్టర్‌లో మైనస్ 5 రావాల్సిన తావు ఖాళీగా ఉంది. దాన్ని రాసిపెట్టుకుని, కెపాసిటర్‌ని సరిచేసి ముందుకెళ్లాను. బోర్డు లేవడానికి మైనస్ 5తో పనిలేదు.

ఫ్యాన్ తిరుగుతోంది, తెర మీద ఏమీ లేదు

ఇప్పుడు ఎస్ఎంపీఎస్ ఆగకుండా నడుస్తోంది. డిస్‌ప్లే లేదు, బీప్ లేదు. స్లాట్‌లో పోస్ట్ కార్డు (బోర్డు లేచేటప్పుడు ఏ దశలో ఉందో కోడ్‌గా చూపే పరీక్ష కార్డు) పెడితే క్లాక్ లైట్ వెలుగుతోంది, రీసెట్ లైట్ ఒకసారి వెలిగి ఆరిపోతోంది, కోడ్ వచ్చేచోట రెండు గీతలు. ర్యామ్ తీసేసి ఆన్ చేసినా స్పీకర్ మూగగానే ఉంది. ర్యామ్ లేదని అరవాలంటే కూడా ప్రాసెసర్ బయోస్‌లో మొదటి కొన్ని లైన్లైనా చదవాలి. ఇక్కడ అదీ జరగడం లేదు.

కోర్ వోల్టేజీ (ప్రాసెసర్‌కి అందేది) చూశాను. ఈ తరం 500 మెగాహెర్ట్జ్ పెంటియం 3కి 2.0 వోల్టులు కావాలి, మీటర్ మీద 2.01 ఉంది. మీటర్ చూపేది సగటు మాత్రమే, ఆ సంగతి తర్వాత తగిలింది. 2.5 వోల్టుల లైన్ ఉంది. క్లాక్ చిప్ దగ్గర 14.318 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఆడుతోంది, ప్రాసెసర్‌కి 100 మెగాహెర్ట్జ్ అందుతోంది.

చాలామంది ఇక్కడ ఆగి బయోస్ చిప్ రాయడానికి పోతారు. ఈ తరం బోర్డుల్లో మరో వోల్టేజీ ఉంది, దాన్ని మర్చిపోతారు. ప్రాసెసర్‌కీ చిప్‌సెట్‌కీ మధ్య తీగలు 3.3 వోల్టుల మీద నడవవు. జీటీఎల్ ప్లస్ అనే పద్ధతిలో నడుస్తాయి. అందులో చిప్ తీగను కిందికి లాగడమే చేస్తుంది. పైకి లాగే పని టెర్మినేషన్ రెసిస్టర్లది, అవి 1.5 వోల్టుల లైన్‌కి కట్టి ఉంటాయి. దాన్ని వీటీటీ అంటారు. తీగ మీదున్నది ఒకటా సున్నానా అని తేల్చడానికి అందులో మూడింట రెండు వంతులు, అంటే 1.0 వోల్టు, రిఫరెన్స్‌గా చిప్‌సెట్‌కి అందాలి. వీటీటీ లేకపోతే తీగలన్నీ కిందే పడి ఉంటాయి. ప్రాసెసర్ బతికున్నా ఒక్క మాట బయటికి రాదు. స్కీమాటిక్ (బోర్డు సర్క్యూట్ పటం) లేకపోయినా పర్వాలేదు. ఇంటెల్ అప్పట్లో బోర్డు తయారీదారుల కోసం ఇచ్చిన 440బీఎక్స్ డిజైన్ గైడ్‌లో ఈ భాగమంతా గీసి ఉంది, చాలా బోర్డులు దాదాపు దాన్నే అనుసరించాయి.

రెగ్యులేటర్ (ఆ వోల్టేజీని తయారుచేసే భాగం) దగ్గర వీటీటీ చూస్తే సరిగ్గా 1.5. చిప్‌సెట్ పక్కన రిఫరెన్స్ ఇచ్చే రెండు రెసిస్టర్ల మధ్య చూస్తే దాదాపు సున్నా. ఆ రెసిస్టర్ల పై కొసన కూడా 1.5 లేదు. అంటే రెగ్యులేటర్ నుంచి బయల్దేరిన 1.5 దారిలో ఎక్కడో తెగింది. ఆ దారిలో ఉన్నది ఒకే ఒక్క కెపాసిటర్, అదీ కొత్తగా మార్చినదే. బోర్డు కింది వైపు దాని ప్లస్ కాలి మీద ప్రోబ్ పెడితే ఏమీ లేదు. పైన రెండు సెంటీమీటర్ల దూరంలో రెగ్యులేటర్ దగ్గర 1.5 ఉంది.

కెపాసిటర్ తీసి చూస్తే ఆ రంధ్రం పక్కవాటికన్నా వెడల్పుగా ఉంది. డ్రిల్ బిట్ పెట్టి తొలిచారు. పాత కాలు లాగేశాక రంధ్రంలో టంకం గడ్డకట్టి మిగిలిపోతుంది. గ్రౌండ్ పొర వేడిని లాగేసుకుంటుంది కాబట్టి పంపుతో అది రాదు. ఓపిక లేనివాళ్లు సన్నటి డ్రిల్ తీసుకుంటారు. టంకంతోపాటు గోడనున్న రాగి గొట్టం కూడా పొడైపోతుంది. ఇక్కడ ఆ గొట్టం కెపాసిటర్ కాలికి చోటు మాత్రమే కాదు. పై పొర ట్రాక్‌ని కింది పొర ట్రాక్‌తో కలిపే దారి కూడా అదే. గొట్టం పోయింది, పైన ప్యాడ్ కూడా లేచిపోయింది. కింద మాత్రం టంకం మెరుస్తూ బ్రహ్మాండంగా కనిపిస్తోంది. కెపాసిటర్ ఒళ్లు పైన కప్పేస్తుంది కాబట్టి పైకి చూస్తే ఎవరికీ తెలియదు.

దీనికి నేను వేసేది కుట్టు. పైన ట్రాక్ మీది ఆకుపచ్చ పూత కత్తి మొనతో మెల్లగా గీకి రాగి బయటపెట్టాలి. తర్వాత ఒంటి పోగు రాగి తీగను రంధ్రంలోంచి దూర్చి, పైన ట్రాక్ మీదికి, కింద ప్యాడ్ మీదికి వంచి రెండుచోట్లా టంకం పెట్టాలి. వీటీటీలో ఆంపియర్ల లెక్కన కరెంటు పారుతుంది కాబట్టి వెంట్రుకలాంటి జంపర్ వైరు పనికిరాదు. 24 గేజ్ తీగ వాడాను. కెపాసిటర్ కాలు ఆ తీగ పక్కనుంచే దిగింది. రంధ్రం వెడల్పు కావడం ఇక్కడ మాత్రం కలిసొచ్చింది.

ఒక్క రంధ్రంలో డ్రిల్ ఆడించినవాళ్లు మిగతావాటిని వదిలిపెట్టి ఉండరు కదా. మార్చిన ప్రతి కెపాసిటర్‌కి గ్రౌండ్ కాలు నిజంగా గ్రౌండ్‌కి చేరిందా అని చూడాలి. కంటిన్యుటీ బీప్‌ని నమ్మకూడదు. చాలా మీటర్లు ఇరవై ముప్ఫై ఓమ్‌ల దాకా బీప్ కొడతాయి. నేను చేసే పద్ధతి వేరు. బెంచ్ సప్లైని అర వోల్టుకి మించకుండా కట్టేసి, కాలి నుంచి బోర్డు స్క్రూ రంధ్రం దగ్గరి గ్రౌండ్‌కి ఒక ఆంపియర్ పంపి, వేరే ప్రోబ్‌లతో మధ్యలో ఎన్ని మిల్లీవోల్టులు పడుతున్నాయో చూస్తాను. మంచి కాలికి రెండో మూడో మిల్లీవోల్టులు. మూడు కాళ్ల దగ్గర తేడా కనిపించింది. ఒకదానిలోంచి ఆంపియర్ పారనే లేదు. ఆ మూడింటిలో రెండు కోర్ వోల్టేజీ కెపాసిటర్లవే. అవి బోర్డు మీద కొత్తగా మెరుస్తూ నిలబడ్డాయి తప్ప సర్క్యూట్‌లో లేవు. ఆ కాళ్ల చుట్టూ కింది వైపు గ్రౌండ్ రాగిని గీకి, కాలుకి కలిపి టంకం నింపాను.

మామూలుగా ఈ బోర్డుల్లో గ్రౌండ్ కాలు తీసే పద్ధతి ఇంకోటి. ముందు కింద నుంచి హాట్ ఎయిర్‌తో ఆ ప్రాంతాన్ని వంద డిగ్రీల దాకా వేడి చెయ్యాలి. ప్రతి కాలికీ కొత్త 63/37 టంకం కలపాలి. అది 183 డిగ్రీలకే కరుగుతుంది, పాత టంకాన్ని కూడా కదిలిస్తుంది. ఒక్కో కాలు కరిగిస్తూ కెపాసిటర్‌ని అటూ ఇటూ వంచుతూ తియ్యాలి. మిగిలిన టంకానికి స్టెయిన్‌లెస్ స్టీల్ సూది చాలు, దానికి టంకం అంటదు. డ్రిల్ ఈ పనిముట్లలో లేదు.

లేచింది, కానీ నిలబడలేదు

ఈసారి ఆన్ చెయ్యగానే పోస్ట్ కార్డు మీద అంకెలు పరిగెత్తాయి, బీప్ వచ్చింది, తెర మీద సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్, అంటే దాచిన సెట్టింగులు పోయాయని. బ్యాటరీ మార్చాను. బయోస్ స్క్రీన్‌లో వదిలేస్తే గంటలకొద్దీ నిశ్చింతగా ఉంది. విండోస్ లోడ్ అవుతుంటే ఒకసారి హ్యాంగ్, మెమరీ టెస్ట్ మధ్యలో ఇంకోసారి. ర్యామ్ మార్చినా అదే కథ. లోడు ఉన్నట్టుండి పెరిగేచోటే పడిపోతోంది కాబట్టి ఇది కోర్ వోల్టేజీ బాపతు.

మీటర్ ఇంకా 2.01 అనే అంటోంది. ఆసిలోస్కోప్ (వోల్టేజీ క్షణక్షణం ఎలా మారుతోందో గీసి చూపేది) పెట్టాను. ప్రోబ్‌కి వేలాడే పొడుగు గ్రౌండ్ క్లిప్ తీసేసి, మొన దగ్గర చిన్న స్ప్రింగ్ గ్రౌండ్ పెట్టి, 20 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్ లిమిట్ వేసి చూడాలి. లేకపోతే గాల్లోని గోలంతా తెర మీద కనిపిస్తుంది. రిపుల్, అంటే వోల్టేజీలోని ఎగుడుదిగుడు, 160 మిల్లీవోల్టుల దగ్గర ఉంది.

కారణం వెతకాల్సిన పని లేకపోయింది. పెట్టిన కెపాసిటర్లు 1000 మైక్రోఫారడ్, 6.3 వోల్టులు, 105 డిగ్రీలు. పాతవాటి మీదా అవే అంకెలు. అంకెలు కలిశాయి కానీ రకం కలవలేదు. ఒకటి తీసి 100 కిలోహెర్ట్జ్ దగ్గర ఈఎస్ఆర్ చూస్తే 0.2 ఓమ్. మామూలు అవసరాలకి చేసిన కెపాసిటర్ అది. ఇలాంటివి ఐదు సమాంతరంగా ఉంటే 0.04 ఓమ్. ఈ రెగ్యులేటర్ కాయిల్‌లో రిపుల్ కరెంటు నాలుగు ఆంపియర్ల దాకా ఉంటుంది, గుణిస్తే 160 మిల్లీవోల్టులే. అసలు సమస్య లోడు గెంతినప్పుడు. ఈ ప్రాసెసర్ 28 వాట్ల మనిషి, రెండు వోల్టుల దగ్గర 14 ఆంపియర్లు తింటుంది. అందులో పది ఆంపియర్లు ఒక్కసారిగా అడిగితే అదే 0.04 ఓమ్ మీద 400 మిల్లీవోల్టులు కుంగుతాయి. రెండు వోల్టుల్లో నాలుగు వందలు పోతే ఏ ప్రాసెసరైనా పడిపోతుంది. ఉబ్బిన పాత కెపాసిటర్లతో మధ్యాహ్నాలు జరిగింది కూడా ఇదే. డబ్బు పెట్టి కొత్తవి వేయించి మళ్లీ అక్కడికే వచ్చారు.

తక్కువ ఈఎస్ఆర్ రకాలు, పానసోనిక్ ఎఫ్ఆర్, రూబీకాన్ జెడ్ఎల్హెచ్ లాంటి శ్రేణులు, అధీకృత డిస్ట్రిబ్యూటర్ల దగ్గర తెప్పించుకోవడమే మంచిది. మా బెంగళూరు ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ బజారులో దొరకనిది లేదు, నిజమే. కానీ కవరు మీద పేరు చూసి కెపాసిటర్ కొనడం నేను మానేశాను. విడిగా కొంటే మీటర్ జేబులో పెట్టుకునే వెళతాను. కొత్తవి ఒక్కొక్కటి 0.04 ఓమ్ చూపించాయి. ఐదూ వేశాక రిపుల్ 35 మిల్లీవోల్టులకి దిగింది. మెమరీ టెస్ట్ రాత్రంతా నడిచినా తప్పు రాలేదు.

ఇక్కడ ఒకాయన, మా షాపుకొచ్చే కుర్రాడే, "అన్నా, ఇంత గొడవెందుకు, అంతటా సాలిడ్ పాలిమర్‌వి వేసేస్తే పోలా?" అన్నాడు. వాటి ఈఎస్ఆర్ ఇంకా తక్కువ, కోర్ వోల్టేజీ దగ్గర చాలా బోర్డుల్లో వేసుకోవచ్చు. కానీ ఈఎస్ఆర్ ఎంత తక్కువైతే అంత మంచిదన్న మాట ప్రతిచోటా చెల్లదు. ఈ బోర్డులో 2.5 వోల్టులు ఇచ్చేది 1117 రకం లీనియర్ రెగ్యులేటర్. ఎల్ఎం1117 డేటాషీట్ అవుట్‌పుట్ కెపాసిటర్ ఈఎస్ఆర్ 0.3 నుంచి 22 ఓమ్‌ల మధ్య ఉండాలని రాసింది. అక్కడ పాలిమర్ పెడితే రెగ్యులేటర్ స్థిరంగా ఉండక ఊగడం మొదలుపెట్టొచ్చు. ఆ చోట మామూలు రకాన్నే ఉంచాను.

కార్డు చదువుతోంది, సగమే

బోర్డు బాగైంది, పెట్టెలో పెట్టి పీణ్య తీసుకెళ్లాం. బయోస్ సెట్టింగులు పోయాయి కాబట్టి ముందు ఐఆర్‌క్యూ 5ని (కార్డు ప్రాసెసర్‌ని పిలిచే లైన్లలో ఒకటి) ఐఎస్ఏ కార్డుకి కేటాయించాను. లేకపోతే విండోస్ దాన్ని సౌండ్‌కో నెట్‌వర్క్‌కో ఇచ్చేస్తుంది. సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది, కార్డు దొరికింది. రోటర్ తిప్పితే రీడింగ్ మాత్రం అర్థం లేకుండా ఉంది. తెర మీద వైబ్రేషన్ తరంగం చూస్తే పై సగం ఉంది, కింది సగం సున్నా గీత దగ్గర కోసేసినట్టుంది.

రాసిపెట్టుకున్న మైనస్ 5 ఇక్కడ అక్కరకొచ్చింది. పికప్ సిగ్నల్ సున్నాకి అటూ ఇటూ ఊగుతుంది. దాన్ని పెంచే ఆప్ యాంప్ అనే చిప్ కిందికి దిగాలంటే దానికి మైనస్ సప్లై కావాలి. ఈ కార్డు దాన్ని ఐఎస్ఏ స్లాట్‌లో బీ5 పిన్ నుంచి తీసుకుంటుంది. ఆ పిన్ మీద మీటర్ సున్నా చూపింది. మైనస్ 5ని ఏటీఎక్స్ సప్లైల ప్రమాణం నుంచి 2003లో తీసేశారు. ఇప్పుడు కొనే మామూలు ఎస్ఎంపీఎస్‌లలో ఆ తెల్ల వైరు ఉండదు. 20 పిన్నుల కనెక్టర్‌లో 18వ తావు ఖాళీ. పాత ఎస్ఎంపీఎస్ ఏమైందని అడిగితే గుజరీకి (పాత సామాన్లకి) ఇచ్చేశామన్నారు.

మైనస్ 12 ఉంది కాబట్టి దాన్నుంచే మైనస్ 5 పుట్టించవచ్చు. మైనస్ 5 ఇచ్చే 7905 రెగ్యులేటర్ చాలు. కార్డు తీసుకునేది 50 మిల్లీఆంపియర్ల లోపే. ఏడు వోల్టుల తేడాకి 0.35 వాట్ వేడి, హీట్‌సింక్ అక్కర్లేదు. అయితే ప్లస్ 5 ఇచ్చే 7805 అలవాటుతో దీన్ని పెడితే కాలిపోతుంది. 7805కి మొదటి కాలు ఇన్‌పుట్, మధ్యది గ్రౌండ్. 7905కి మొదటిది గ్రౌండ్, మధ్యది ఇన్‌పుట్. దాని లోహపు వీపు కూడా ఇన్‌పుట్‌కే కలిసి ఉంటుంది, అంటే మైనస్ 12 మీద ఉంటుంది. క్యాబినెట్‌కి తగలకుండా స్లీవ్ వెయ్యాల్సిందే. ఇన్‌పుట్ దగ్గర 2.2, అవుట్‌పుట్ దగ్గర 1 మైక్రోఫారడ్ టాంటలం పెట్టాను, ప్లస్ కాళ్లు గ్రౌండ్‌కి. చిన్న వెరోబోర్డు (రంధ్రాల బోర్డు) ముక్క మీద అమర్చి, అవుట్‌పుట్ వైరుకి టెర్మినల్ క్రింప్ చేసి ఖాళీగా ఉన్న 18వ తావులో దూర్చాను. బోర్డు మీద మైనస్ 5 కెపాసిటర్ ఇంకా తిరగబడే ఉండుంటే ఈ పూట అది వేడెక్కేది.

తరంగం నిండుగా వచ్చింది. అంతటితో సరిపోదు. రోటర్‌ని ఉన్నంతలో బ్యాలెన్స్ చేసి, తెలిసిన పది గ్రాముల బరువును తెలిసిన కోణంలో బిగించి తిప్పాం. మెషీన్ అదే కోణం, అదే బరువు చెప్పింది. బరువును ఎదురు కోణానికి మార్చి ఇంకోసారి తిప్పాం, అదీ కలిసింది. మెషీన్ మీద పనిచేసే ఆపరేటర్ అప్పటికే రెండు ఇంపెల్లర్లు వరసలో పెట్టుకుని నిలబడ్డాడు.

బిల్లు దగ్గర యజమాని కాసేపు బేరమాడారు. "అయిదు కెపాసిటర్లకి ఇంతేందప్పా" అని. కుట్టు వేసిన రంధ్రం ఫోటో చూపించాను. చూసి, ఇదేందో పంటి డాక్టరు పనిమాదిరి ఉండాదే అని నవ్వి ఇచ్చేశారు.

హార్డ్ డిస్క్ ఇమేజ్‌ని కాంపాక్ట్ ఫ్లాష్ కార్డులోకి ఎక్కించి, ఐడీఈ (పాత హార్డ్ డిస్క్ కనెక్షన్) అడాప్టర్‌తో సహా క్యాబినెట్‌లోనే స్పేర్‌గా కట్టిపెట్టాను. తలుపు లోపలి వైపు ఒక కాగితం అంటించాను, తర్వాత దీన్ని ఎవరు తెరిచినా పనికొస్తుందని. కాయిల్ దగ్గర కోర్ 2.01, రిపుల్ 35 మిల్లీవోల్టులు. వీటీటీ 1.5, రిఫరెన్స్ 1.0, రెండోది చిప్‌సెట్ పక్కనే చూడాలి. ఐఎస్ఏ బీ5 మీద మైనస్ 5, బీ7 మీద మైనస్ 12. ఐఆర్‌క్యూ 5 కార్డుది. ఎస్ఎంపీఎస్ మారిస్తే చిన్న వెరోబోర్డు ముక్కను విప్పి కొత్త కనెక్టర్ 18వ తావుకి మార్చాలి, దాని లేబుల్ మీద మైనస్ 12 లైన్ ఉందో లేదో కొనేముందే చూసుకోవాలి.